సీటు కింద ఒండ్రు, డ్యాష్‌బోర్డు వెనక పెట్టె

ప్రశ్న: భీమవరం దగ్గర పల్లె నుంచి 32 ఏళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. రొయ్యల చెరువులు చేస్తారు. పైకప్పు మడత పడే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలన్నది ఇంజినీరింగ్ చదివే రోజుల నాటి కోరిక. ఈ వేసవి రొయ్యల పట్టుబడిలో నాలుగు డబ్బులు మిగిలాయి. హైదరాబాద్‌లో తనకు తెలిసిన బ్రోకరు దగ్గర మంచి బండి ఉందని బావమరిది చెప్పాడు. జర్మన్ కారు, 2015 మోడల్, తెలంగాణ నంబరు, మీటరు మీద 46 వేల కిలోమీటర్లు. పదమూడున్నర లక్షలకు బేరం కుదిరింది. 11 లక్షలు బ్యాంకులో వేశారు, రెండున్నర లక్షలు బ్రోకరు చేతికి నగదుగా ఇచ్చారు. స్టాంపు కాగితం మీద ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసుకున్నారు. ఆర్సీ ఇంకా మారలేదు, తెలంగాణ రవాణా శాఖ నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) రాలేదు. బండి ఇంటికొచ్చి 18 రోజులైంది.

మొన్న ఆదివారం లోపలంతా శుభ్రం చేద్దామని కూర్చున్నారు. డ్రైవరు వైపు కార్పెట్ ఎత్తితే కింద మెత్తటి ఒండ్రు కనిపించింది. సీటు పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. పట్టా సందులో చిన్నపిల్లల బంగారు ఉంగరం దొరికింది. ఎడమ సీటు కింద మడతపెట్టిన సర్వీసు బిల్లు ఉంది. దాని మీద 2019 జూన్ తేదీ, 78,400 కిలోమీటర్ల రీడింగు, ఒకావిడ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. స్టీరింగు కింద మూత తీస్తే వైర్ల మధ్య అగ్గిపెట్టెంత నల్ల పెట్టె, మిణుకుమంటున్న లైటు. ఏసీ ఫిల్టరు దగ్గర ఊకతో కట్టిన ఎలుక గూడు.

బావమరిదికి ఫోన్ చేస్తే “పాత బండి అన్నాక ఇవన్నీ మామూలే బావా” అన్నాడట. తమ్ముడి మాట పోతుందని భార్య బాధ. కడిగించి, సెంటు కొట్టించి, విజయవాడలో ఎవరికైనా అమ్మేద్దామని ఆవిడ అంటున్నారు. నాన్నగారికి చెప్పే ధైర్యం ఈయనకు లేదు. “గొడవ పడనా, బాగు చేయించుకోనా, నోరు మూసుకుని అమ్మేయనా?” అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ బండి మోడల్, రంగు ఇక్కడ వేయడం లేదు. అలాంటి కారు గోదావరి జిల్లాల్లో ఎన్ని ఉంటాయి? పేరు రాస్తే మీ ఊరు, మీ ఇల్లు చెప్పినట్టే.

ముందు షాంపూ బకెట్ పక్కన పెట్టేయండి. డ్రైవరు వైపు సగం కడిగేశారు, ఎడమ వైపు ఇంకా ముట్టుకోలేదని రాశారు. ఆ కడగని సగమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న సాక్ష్యం. రేపు బ్రోకరుతో మాట్లాడినా, మెకానిక్‌ని పిలిచినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా ఆ మట్టే మాట్లాడాలి. పగటి వెలుతురులో వీడియో తీయండి. నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, ఛాసిస్ నంబరు చూపించి, ఎక్కడా ఆపకుండా సీటు కిందికి రండి. మట్టి కొంచెం తీసి మూత గట్టిగా పట్టే సీసాలో వేసి, తేదీ రాసి ఉంచండి. బండి తోలకండి. తోలకూడదనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఎయిర్‌బ్యాగులు, దాని సంగతి కింద చెబుతాను. రెండోది బీమా. బండి చేతులు మారాక 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకు మార్చమని అడగాలి. థర్డ్ పార్టీ భాగం బండితోపాటు వచ్చేస్తుంది గానీ, మీ బండికి దెబ్బ తగిలితే డబ్బిచ్చే భాగం దానంతటది రాదు. మీకు 18 రోజులైంది, పాలసీ మార్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ స్థితిలో ఉండి రోడ్డులో ఎవరినైనా గుద్దితే మీ బండి ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

ఇప్పుడు దొరికినవాటిని ఒక్కొక్కటిగా విడదీద్దాం. మీరు అన్నిటినీ కలిపి ‘మోసం’ అనే ఒకే మూటలో కట్టేశారు. అవన్నీ ఒకే కథ చెప్పాలని లేదు.

అన్నిటికంటే ముఖ్యం ఒండ్రు. పైకప్పు మడిచే కార్లలో కార్పెట్ తడవడానికి వరదే అక్కర్లేదు. కప్పు మీద పడ్డ వాన నీరు అంచుల కాలువల్లోకి దిగి, సన్నటి గొట్టాల గుండా చక్రాల వెనక నుంచి బయటకు పోవాలి. కొబ్బరి చెట్టు కిందో మామిడి చెట్టు కిందో బండి పెడితే పూత రాలి ఆ గొట్టాలు పూడుకుపోతాయి. అప్పుడు నీరు సీట్ల వెనక నుంచి లోపలికి దిగుతుంది. దానివల్ల తడి, బూజు, ముక్కిన వాసన వస్తాయి. మెత్తటి ఒండ్రు మాత్రం రాదు. ఒండ్రు రావాలంటే ఒండ్రు మోసుకొచ్చిన నీరు లోపలికి రావాలి. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లు మన లంకల్లో ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి ఇంతదాకా వచ్చిందని చూపిస్తారు. కారులోనూ అలాంటి గీత ఉంటుంది. అది ఎంత ఎత్తున ఉందో కనుక్కోవడమే మీ మొదటి పని, ఎందుకంటే బండి విలువ ఆ గీత ఎత్తును బట్టే తేలుతుంది.

ఎడమ వైపు సీటుబెల్టు చివరిదాకా, ఇంక రానంతవరకూ లాగండి. చివరి రెండు మూడు అడుగులు ఎప్పుడూ చుట్టలోనే ఉంటాయి, కడిగేవాళ్ల చెయ్యి అక్కడిదాకా పోదు. అక్కడ గోధుమరంగు మరక అడ్డంగా కనిపించిందంటే నీళ్లు బెల్టు చుట్ట దాకా వచ్చాయి. బెల్టు కింది కొసన కుట్టిన లేబులు మీద తయారైన తేదీ చూడండి. 2015 బండికి 2020 తర్వాతి బెల్టు ఉంటే, ఎవరో మార్చారు. మార్చడానికి ఎక్కువగా రెండు కారణాలు ఉంటాయి: బండి గట్టిగా గుద్దుకుని బెల్టు బిగించే పరికరం పేలి ఉండాలి, లేదా నీళ్లలో మునిగి ఉండాలి. తర్వాత తలుపు కింది గడప మూత పీకండి. అది క్లిప్పుల మీదే ఉంటుంది. అక్కడ వైర్ల కట్ట కనిపిస్తుంది, దాని మీది టేపు మడతల్లో మట్టి ఉందేమో చూడండి. హెడ్‌లైటు గాజు లోపల, డిక్కీ పక్క గుంటల్లో, స్పీకరు జాలీ వెనకాల కూడా చూడండి. గేరు దగ్గరి నడి తిన్నె పక్క ప్లాస్టిక్ లోపలికి టార్చి వేసి చూడండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగు కంట్రోల్ పెట్టె ఆ తిన్నె మీదే, నేలకు దగ్గరగా ఉంటుంది. గీత అక్కడిదాకా లేకపోతే మీరు అదృష్టవంతులు.

మీ పనిముట్టు ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. చెరువు దగ్గర సెలైనిటీ (నీటిలో ఉప్పు) చూసే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది కదా. ఎడమ వైపు కార్పెట్ కింది స్పాంజి తడిగా ఉంటే ఆ తడి పిండి, గుడ్డలో వడకట్టి, గాజు మీద రెండు చుక్కలు వేయండి. సున్నా దగ్గర ఆగితే అది వాన నీరో మంచినీటి వరదో. మూడు నాలుగు పీపీటీ (వెయ్యి పాళ్లకు ఇన్ని పాళ్లు) చూపించిందంటే ఉప్పు ఉండే అవకాశం ఉంది, అప్పుడు తుప్పు వేగం వేరు. షాంపూ వేసిన వైపు నుంచి మాత్రం తీయకండి. ఆ మీటరు ఉప్పును విడిగా గుర్తుపట్టదు, నీళ్లలో కరిగింది ఏదైనా రీడింగు పెంచేస్తుంది. స్పాంజి ఎండిపోయి ఉంటే ఈ పరీక్ష వదిలేయండి. నీళ్లు పోసి తడిపి చూస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఇంజిన్ సంగతి. ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పి అడుగు చూడండి. అక్కడ ఒండ్రు ఉంటే నీళ్లు ఇంజిను గొంతు దాకా వచ్చినట్టే. ఆ నీళ్లలో ఎవరైనా స్టార్టు కొట్టి ఉంటే సిలిండర్లోకి నీరు లాగుతుంది. నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అయినా ఆ బండి కొన్నాళ్లు తిరుగుతుంది, ఆ తర్వాతే పోతుంది. అందుకే నాలుగు (లేదా ఆరు) సిలిండర్లకూ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టు చేయించండి. ఒకదాంట్లో మిగతావాటికంటే బాగా తక్కువ వస్తే అనుమానించాల్సిందే. ఇంజిన్ ఆయిలు, గేరు ఆయిలు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీరుంది.

ఇక ఎయిర్‌బ్యాగులు. ఇంటికి తెచ్చి 18 రోజులు బాగానే తిరిగింది కదా అనుకోవచ్చు మీరు. వరద బండి గుణమే అది. తడి, కరెంటు రెండూ ఒకచోట చేరితే వైర్లను కలిపే కప్లర్లలోని రాగి పిన్నులకు చిలుము పడుతుంది. చిలుము మెల్లగా పెరిగి నెలల తర్వాత ఒక్కో లైటూ ఆర్పేస్తుంది. సీటు కింద పసుపు రంగు కప్లర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగు, బెల్టు బిగింపు తాలూకువి. వాటికి చిలుము పడితే గుద్దినప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. తాళం తిప్పగానే మీటరు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే ఇంకా ప్రమాదం, గుర్తు కనిపించకుండా ఎవరో ఏదో చేశారు. మీరుగా పసుపు కప్లర్లు ఊడదీయకండి.

ఈ చూడటాలన్నీ వరుసలో చేయాలి. ముందు స్కానరు ఉన్న మెకానిక్‌ని ఇంటికే పిలిచి, అన్ని కంట్రోల్ పెట్టెల ఎర్రర్ కోడ్లూ చదివించి, కాగితం మీద తీసుకోండి. చెరిపేయనివ్వకండి, చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి, పది నంబరు పానా చాలు. ఇలాంటి బళ్లలో బ్యాటరీ తరచు డిక్కీలోనే ఉంటుంది. తీగ తీశాక డిక్కీ మూసేశారంటే కరెంటు తాళం తెరుచుకోదు. మామూలు తాళంచెవి ఎక్కడ పెట్టి తిప్పాలో ముందే చూసుకోండి, లేదా డిక్కీ తెరిచే ఉంచండి. పైకప్పు మడిచే హైడ్రాలిక్ మోటారు కూడా చాలా మోడళ్లలో డిక్కీ వైపే, కింది గుంటలో ఉంటుంది. అక్కడ తడి కనిపిస్తే కప్పు బటను నొక్కకండి. సగంలో ఆగిపోతే దాన్ని చేత్తో మూయడం ఇద్దరు మనుషుల పని.

ఎలుక గూడు మన ప్రాంతంలో వింత కాదు, ధాన్యం ఉన్న చోట ఎలుక ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వాక్యూమ్ పెట్టకండి, పొడిగా ఊడ్చకండి. తొడుగులు, మాస్కు వేసుకుని, క్రిమిసంహారకం కలిపిన నీళ్లు చల్లి, తడిసిన ఊకను ఎత్తి సంచిలో కట్టేయండి. ఎలుక జ్వరం ఎలా వస్తుందో చెరువుల మీద పనిచేసే మీకు చెప్పక్కర్లేదు. దగ్గర్లోని వైర్లు కొరికిందేమో చూడండి. దీనికీ బ్రోకరుకూ సంబంధం ఉండకపోవచ్చు.

సర్వీసు బిల్లు దగ్గరకొద్దాం. 2019లో 78,400, ఇప్పుడు 46 వేలు. మీటరు వెనక్కి తిప్పారని మీ నమ్మకం. కావచ్చు. ఇంకో దారి కూడా ఉంది: బండి మునిగితే మీటరు ప్యానెల్ పాడవుతుంది, పాత సామాన్ల దుకాణంలో ఇంకో బండిది తెచ్చి బిగిస్తారు, దాని అంకె దీని మీద కనిపిస్తుంది. ఏ దారిన వచ్చినా 46 వేలని చెప్పి అమ్మడం అబద్ధమే. కానీ మీరు బ్రోకరును నిలదీసేటప్పుడు ‘మీటరు తిప్పావు’ అని మొదలుపెడితే అతను కాదని తప్పించుకుంటాడు. ‘2019లోనే 78 వేలున్న బండి ఇది, నాకు 46 వేలని చెప్పావు’ అనండి. దానికి ఎదురు చెప్పలేడు. తేల్చుకోవడానికి 17 అక్షరాల ఛాసిస్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటరుకు వెళ్లండి, సర్వీసు చరిత్ర అడగండి. మీకు విజయవాడో విశాఖో దగ్గర. చాలా జర్మన్ కార్లలో కిలోమీటర్లు మీటరు ఒక్కదాంట్లోనే ఉండవు, వేరే కంట్రోల్ పెట్టెల్లోనూ నమోదవుతాయి. స్కానరు కాగితం మీద ఆ అంకెలూ రావచ్చు, అడగండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది.

నల్ల పెట్టె బహుశా బండి ఎక్కడుందో చెప్పే ట్రాకరు. లైటు మిణుకుమంటోందంటే పనిచేస్తూనే ఉంది, మీ ఇల్లు ఎక్కడో ఎవరికో తెలుస్తూ ఉండొచ్చు. మీ ఇంట్లోవాళ్లు భయపడటం సహజం. దీనికి మూడు మూలాలు ఉండొచ్చు. పాత యజమాని దొంగల భయంతో పెట్టించి మరిచిపోయి ఉండొచ్చు. అప్పు ఇచ్చిన ఫైనాన్సు కంపెనీ పెట్టి ఉండొచ్చు. మూడోది చెడ్డది: అమ్మి, రెండో తాళంతో వచ్చి ఎత్తుకుపోయేవాళ్లు పెట్టి ఉండొచ్చు. మీ చేతికి ఒకటే తాళం వచ్చిందా, రెండా? ఒకటే అయితే అధీకృత సర్వీసు సెంటరులో పోయిన తాళాన్ని పనిచేయకుండా చేయించండి, ఖర్చయినా. పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి హైపోథికేషన్ (అప్పు కింద తాకట్టు) ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే, బ్యాంకు ఎన్వోసీ, తాకట్టు తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా ఈ బండి మీ పేరుకు రాదు, ఎన్ని సంతకాలు పెట్టినా. పెట్టెను పగలగొట్టకండి. బిగించి ఉన్నచోటే ఫొటో తీసి, దాని మీది ఐఎంఈఐ (పరికరం గుర్తింపు) నంబరు రాసుకుని, బ్యాటరీ తీగ తీశాక విప్పించి, భద్రపరచండి. విప్పిన సంగతి బ్రోకరుకు వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాయండి, ఎవరిదైతే వాళ్లు వచ్చి తీసుకెళ్లమని. వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

బావమరిది సంగతి. ఉత్తరంలో మీరు బండి గురించి రాసిన దానికంటే అతని గురించి రాసింది ఎక్కువ. అతనికి ముందే తెలుసని మీ దగ్గర ఆధారం ఏమీ లేదు. ‘పాత బండి అన్నాక మామూలే’ అన్నది తెలిసి అన్న మాట కావచ్చు, తెలియక కంగారులో అన్న మాటా కావచ్చు. అందుకని అతన్ని ముద్దాయిగా నిలబెట్టకుండా సాక్షిగా పిలవండి. మీ భార్య ముందు, ఇంట్లోనే, సీటుబెల్టు లాగి మరక చూపించండి, బిల్లు చూపించండి. “నువ్వు కుదిర్చిన బేరం, నువ్వే నాతో వచ్చి మాట్లాడాలి” అనండి. అతనికి తెలియకపోతే మీకంటే ముందు అతనే బ్రోకరు మీదికి వెళతాడు, అక్క దగ్గర అతని మాట నిలబడుతుంది. తెలిసి, కమీషను తీసుకుని ఉంటే ఆ గదిలోనే మీకు అర్థమవుతుంది. అప్పుడు బాధ మీ భార్యది ఎక్కువ, మీది తక్కువ. ఆమెను తమ్ముడి వైపో మొగుడి వైపో తేల్చుకోమనకండి. బ్రోకరుతో తేలాల్సిన డబ్బు లెక్క వేరు, ఇంటి లెక్క వేరు అని ముందే చెప్పేయండి. నాన్నగారికి మాత్రం మీరే చెప్పండి, ఊళ్లోవాళ్లు చెప్పకముందే. మెకానిక్ వచ్చి వెళ్లిన రోజు సాయంత్రానికి ఆ సంగతి టీ బడ్డీ దాకా వెళ్లిపోతుంది.

ఇప్పుడు దారులు.

బండి వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవడం. ఆర్సీ ఇంకా మారకపోవడం ఇక్కడ మీకు కలిసొచ్చింది, మారితే వెనక్కి తిప్పడం రెట్టింపు పని. నియమం ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కాబట్టి మీకు 12 రోజులున్నాయి, ఆలోగా బ్రోకరు మాట తేల్చుకోండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాటకు భయపడకండి. తెలిసిన లోపాన్ని కావాలని దాచడం కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసమే, ఆ కాగితం దాన్ని కాపాడదు. బ్రోకరు వ్యాపారంగా పాత బళ్లు అమ్మేవాడైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 50 లక్షలలోపు కొనుగోళ్లు జిల్లా కమిషన్ చూస్తుంది, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి, అతనికి ఉందా అని అడగండి. అమ్మింది వ్యాపారి కాకుండా మామూలు మనిషైతే కమిషన్ దారి మూసుకుంటుంది, సివిల్ కోర్టో పోలీసు ఫిర్యాదో మిగులుతాయి. మీ బలహీనత ఆ రెండున్నర లక్షల నగదు. రశీదు లేదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్నవాడికే. అయినా దాన్ని బెదిరింపుగా వాడకండి. నగదు అందిందని అతని చేత మాటల్లో ఒప్పించే వాట్సాప్ సందేశం సంపాదించండి, అది చాలు.

బండి ఉంచుకుని ధర తగ్గించుకోవడం. నీటి గీత కార్పెట్ దగ్గరే ఆగి, ఎయిర్‌బ్యాగు పెట్టె తడవకుండా, కంప్రెషన్ సమంగా వస్తేనే ఈ దారి ఆలోచించండి. గీత డ్యాష్‌బోర్డు దాకా ఉంటే ఎంత తగ్గించినా ఉంచుకోవద్దు. అలాంటి బండికి వైరింగు మొత్తం మార్చాలి, దాని ఖర్చుకు అంచు ఉండదు. బేరం ఆడేముందు ఆంధ్రప్రదేశ్‌లో కట్టాల్సిన జీవితకాల పన్ను ఎంతో కూడా కనుక్కుని లెక్కలో కలపండి, చాలామంది ఇది మరిచిపోతారు.

ఉంచుకునేటట్టయితే పని ఇలా చేయించండి. సీట్లు, నడి తిన్నె, కార్పెట్ మొత్తం బయటకు రావాలి. బ్యాటరీ తీగ తీశాక కనీసం 15 నిమిషాలు ఆగి మెకానిక్ సీటు బోల్టులు విప్పాలి, ఎయిర్‌బ్యాగు పెట్టెలో నిలవున్న కరెంటు దిగడానికి ఆ వ్యవధి. కార్పెట్ కింది స్పాంజి పైకి ఆరినట్టుంటుంది, లోపల తడి వారాలు నిలుస్తుంది. దాన్ని మంచినీళ్లతో, వచ్చే నీరు తేటగా అయ్యేదాకా కడిగి, గడ్డి మీద కాకుండా నులక మంచం మీద ఎండలో మూడు నాలుగు రోజులు తిప్పి తిప్పి ఆరబెట్టండి. కాలువ నీరూ చెరువు నీరూ వాడొద్దు. ముసురు పట్టకముందే చేయాలి, భాద్రపదం తేమలో అది ఆరదు. కప్లర్లకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్షు వాడాలి, ప్రెషరు నీళ్లు వద్దు. చిలుము పట్టిన ఎయిర్‌బ్యాగు కప్లరు, బెల్టు, కంట్రోల్ పెట్టె శుభ్రం చేయించుకోకండి, కొత్తవి వేయించండి. పైకప్పు గొట్టాల్లోకి గాలి కొట్టించవద్దు, లోపల గొట్టం ఊడిపోతే మళ్లీ అంతా విప్పాలి. గడ్డి కోసే మిషను నైలాను దారం మెల్లగా పోనిచ్చి, అరలీటరు నీళ్లు పోసి కింద నుంచి వస్తున్నాయో లేదో చూస్తే చాలు.

ఉన్న సంగతి చెప్పి అమ్మడం. వీడియో, స్కానరు కాగితం, బిల్లు అన్నీ చూపించి, అవే రాసి సంతకాలు తీసుకుని అమ్మొచ్చు. విడిభాగాల కోసం కొనేవాళ్లు ఉంటారు. డబ్బు బాగా తగ్గుతుంది, నిద్ర తగ్గదు.

ఇక మీ ఇంట్లో అనుకుంటున్నది, కడిగి చెప్పకుండా అమ్మేయడం. దీని మీద నా అభిప్రాయం దాచను: చేయకండి. ఈ ఉత్తరం రాసేనాటికే మీకు తెలుసు, తెలిసి దాచి అమ్మితే రేపు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసం కేసు బ్రోకరు మీద కాదు, మీ మీద ఉంటుంది. అంతకంటే, విజయవాడలో కొన్న కుర్రాడు ఆ కారులో తన వాళ్లను ఎక్కించుకుంటాడు. పేలని ఎయిర్‌బ్యాగు గురించి అతనికి తెలియదు, మీకు తెలుసు. విజయవాడ వాళ్లు 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు చూశారు. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడటం అక్కడ కొనేవాళ్లు ఇప్పటికే నేర్చుకుని ఉంటారు.

ఉంగరం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించింది అదే. అది ఆ బిల్లు మీద పేరున్న ఆవిడ బిడ్డదయ్యే అవకాశం ఎక్కువ. దొరికిన వస్తువు ఎవరిదో కనుక్కునే దారి ఉండీ ఉంచుకోవడం చట్టం ప్రకారమూ నేరమే. ఆవిడ ఫోన్ నంబరు మీ దగ్గరుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు హైదరాబాద్‌లో టోలీచౌకి, పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. బండి అప్పుడు మునిగిందో, ఆ తర్వాతో, ఎవరికి ఎలా అమ్మారో చెప్పగలిగింది ఆవిడే. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ మొత్తం నష్టంగా లెక్కగట్టి డబ్బిచ్చేస్తుంది, ఆ బండి తుక్కు ధరకు వేలంలో వెళుతుంది. అలా వెళ్లిన బండే మళ్లీ మెరుగు పెట్టుకుని మీ దగ్గరికి వచ్చిందా అన్నది ఆవిడ మాటతో తేలిపోవచ్చు. ఆవిడ దగ్గర బీమా కాగితం ఉంటే ఫొటో పంపమని అడగండి.

బ్రోకరుకు ఫోన్ చేయకముందే ఆవిడకు చేయండి. మీ భార్యను మాట్లాడమనండి, తెలియని మగగొంతు కంటే నయం. ఉంగరం ఎలా ఉంటుందో ముందే చెప్పేయకండి, పాపదో బాబుదో, గుర్తు ఏముందో ఆవిడనే చెప్పనివ్వండి. సరిపోతే ఎలా పంపాలో మాట్లాడుకున్నాక, అప్పుడు కారు సంగతి అడగండి.